సున్నం వెయ్యని గది

అసూయ మనిషిని లోపల్నుంచి కాల్చి బూడిద చేస్తుందని పెద్దలు చెబుతారు. పెద్దలు దేవేందర్‌ను చూడలేదు. అతని ఆఫీసులో హన్నా అనే అమ్మాయి చేరిన ఏడాదిలో అతను పొట్ట తగ్గించాడు, గుట్కా మానేశాడు, ఎంసీఏ రోజుల తర్వాత ముట్టని పుస్తకాలను అటక మీంచి దింపి దుమ్ము దులిపి చదివాడు. తార్నాక నుంచి క్యాంపస్‌కు బైకు మీద వెళ్లేవాడు కాస్తా, ఆలోచించుకోవడానికి వీలుగా ఉంటుందని నడవడం మొదలుపెట్టాడు. ఆలోచించేది ఒక్కటే: ఆ పిల్ల రాసినదాంట్లో తప్పెక్కడుంది? సన్యాసం పుచ్చుకున్నా ఇంత క్రమశిక్షణ వచ్చేది కాదు.

అతని ఊరు జనగామ అవతల. తండ్రి ఉప్పలయ్య పత్తి పండిస్తాడు. క్యాంపస్‌లో ఎంసీఏ అయిపోయాక కూడా దేవేందర్ హాస్టల్ వదల్లేదు. స్నేహితుడి గదిలో నాన్‌బోర్డరుగా, అంటే రికార్డులో పేరు లేకుండా, వార్డెన్ వస్తున్నాడని తెలిస్తే వెనక మెట్ల మీంచి జారుకుంటూ రెండేళ్లు గడిపాడు. ఆ తర్వాత యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో కాంట్రాక్టు ప్రోగ్రామరుగా కుదిరాడు. ఈనాటికీ కాంట్రాక్టే. కాని పరీక్షల సాఫ్ట్‌వేర్ మొత్తం అతని చేతిరాత. ఫలితాలు వచ్చే రోజున కాలేజీల గుమాస్తాల నుంచి ప్రిన్సిపాళ్ల దాకా అతనికే ఫోన్ చేసేవారు. "దేవేందరన్నా, మా పోరగాండ్ల రిజల్ట్ ఆగింది, జర చూడరాదే" అని బతిమాలేవారు. అతను వెంటనే ఎత్తేవాడు కాదు. రెండుసార్లు మోగనిచ్చి, మూడోసారికి తీరిగ్గా "హా, చెప్పుండ్రి" అనేవాడు. అతను సంపాదించుకున్న ఆస్తి ఆ "హా" ఒక్కటే.

ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని చెప్పడం తేలిక. జవాబు పత్రం మీది హాల్ టికెట్ నంబరు చింపేసి, దాని బదులు ఒక కోడ్ నంబరు వేసి దిద్దడానికి పంపుతారు. ఎవరి పేపరో దిద్దే లెక్చరరుకు తెలియకూడదు. దిద్దడం అయ్యాక ఏ కోడ్ ఏ హాల్ టికెట్‌దో మళ్లీ కలపాలి. కలపడానికి ఒక తాళంచెవి ఉంటుంది. తాళంచెవి అంటే పెద్ద అంకెల వరస, అంతే. అది బయటికి పొక్కితే మార్కులకు సంత పెట్టినట్టే. దేవేందర్ దాన్ని డిస్కు మీద మహా భద్రంగా దాచాడు. కాని సాఫ్ట్‌వేర్ నడుస్తున్నప్పుడు తాళంచెవి మెమరీలోకి రాక తప్పదు. అక్కడ దాన్ని ఎవరు కాస్తున్నారన్నది అతను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ మాటకొస్తే చాలామంది ఆలోచించరు.

హన్నా ఆలోచించింది, అదీ చేరిన మొదటి వారంలోనే. ఆమె తండ్రి ఎలీషా ఏలూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన స్కూలు టీచరు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. కూతురు ఎంటెక్ చేసి, ఒక ప్రాజెక్టు మీద కంప్యూటర్ సెంటర్‌కు వచ్చింది. సన్నటి మనిషి, భుజానికి తనకన్నా బరువైన బ్యాగు. ఆ వారం పరీక్షల మెషీన్ మొరాయించి ఆగిపోయింది. అలా ఆగిపోయినప్పుడు ఆ క్షణాన మెమరీలో ఉన్నదంతా ఒక ఫైలుగా మిగులుతుంది. దేవేందర్ ఎప్పటిలాగే ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి, రిపేరుకు వచ్చే ఇంజినీరుకు ఇవ్వబోయాడు.

"ఒక్క నిమిషం అండి" అంది హన్నా.

ఫైలు తెరిచింది. కాసేపు వెతికింది. తెర మీద ఒక అంకెల వరస మీద వేలు పెట్టింది. "ఇది మన తాళంచెవేనా అండి?"

అదే. పక్కనే డైరెక్టర్ బుచ్చిరాములు సార్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు ఎక్కడ నిలబడకూడదో సరిగ్గా అక్కడే నిలబడే వరం ఉంది ఆయనకు.

"గది ఎట్ల కనబడ్తది? వాడినంక నేను మెమరీ ఖాళీ చేసిన గద" అన్నాడు దేవేందర్.

"ఖాళీ చేశారండి. తుడవలేదు."

బుచ్చిరాములు సార్ కళ్లజోడు తీశాడు. "అంటే ఏందయ్యా దేవేందర్, గిన్నేండ్ల సంది తాళంచెవి తీస్కపోయి రిపేర్ పిలగాని జేబుల వేస్తున్నమా?"

"ఎవరూ చూసినట్టు లేదు సార్. చూసి ఉంటే ఈపాటికి గొడవయ్యేది" అంది హన్నా.

దేవేందర్‌ను వెనకేసుకొస్తూ అన్న మాటే అది. నిప్పు అంటుకున్నది కూడా ఆ మాట దగ్గరే. తిట్టి ఉంటే వారం రోజుల్లో మరిచిపోయేవాడు.

సార్‌కు విషయం అర్థం కావాలి కదా, హన్నా హాస్టల్‌తో పోల్చి చెప్పింది. "ప్రోగ్రాముకు మెమరీ కావాలంటే అల్లొకేటర్‌ను అడుగుతుంది సార్. వార్డెన్ అనుకోండి. ఖాళీగా ఉన్న గది ఇస్తాడు, అక్కర తీరాక తిరిగి తీసుకుంటాడు. లోపల ఏం వదిలేసి పోయారో చూడడు. గోడ మీద రాసిన ఫోన్ నంబర్లు అలాగే ఉంటాయి, తర్వాత దిగినవాడు చదువుకుంటాడు. గదులు చాలకపోతే కొందరి సామాను తీసి గోడౌన్‌లో పడేస్తాడు, అంటే డిస్కు మీద. అక్కడ కాపలా ఉండదు."

"మరేం చెయ్యాలె?"

"రహస్యాలకు మనమే సొంతంగా ఒక వార్డెన్‌ను రాసుకోవాలి సార్. వేరే బిల్డింగ్. మన గదులు ఇంకెవరికీ ఇవ్వడు. ప్రతి గదికీ అటొకటి ఇటొకటి ఎవరూ అడుగుపెట్టకూడని గదులు వదులుతాడు. దారి తప్పి ఎవరైనా కాలు పెట్టారా, ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. సామాను గోడౌన్‌కు పోనివ్వడు. ఇట్లాంటి ఫైలు తయారైనా మన గదులు అందులోకి రావు. ఖాళీ చేసిన మరుక్షణం గోడలకు సున్నం వేసేస్తాడు."

"నాన్‌బోర్డర్లు?" అన్నాడు సార్, హాస్టల్ పోలిక నచ్చి.

"ఒక్కరు కూడా ఉండడానికి లేదు సార్."

"అయితె మన దేవేందర్‌ను కనుక్కో. రెండేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నది."

గది గదంతా నవ్వింది. హన్నా కూడా నవ్వింది. దేవేందర్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఆ సాయంత్రం తార్నాకలో, వీధి చివర మేడ మీది రెండు గదుల పోర్షన్లో, అతని భార్య శిరీష టీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూచుంది. ఆమె సీతాఫల్‌మండిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. రోజూ నలభైమంది అబద్ధాలు వినే మనిషి.

"ఏమైంది? మొకం గట్ల పెట్టినవ్?"

"ఏం కాలే. కొత్తగ ఒక పిల్ల వచ్చింది ఆఫీస్ల."

"అయితే?"

"ఏం లేదంటున్న గద."

ఆ నెలంతా ఆ పిల్ల సంగతే. ఆమె ఏం రాసింది, సార్ ఏమన్నాడు, ఆమె డబ్బాలో ఏం కూర, ఆ కూర కూడా ఆఫీసంతా ఎందుకు మెచ్చుకోవాలి. శిరీష ఒకరోజు ఉల్లిగడ్డ తరుగుతున్నదల్లా కత్తి ఆపింది. "గీ ఇంట్ల నా పేరు కన్నా ఆ పిల్ల పేరే ఎక్కువ వినబడ్తున్నది. ముందు నేను ఇంకోటి అనుకున్న. భయపడ్డ కూడ. ఇప్పుడు తెలిసింది. ఇది దానికన్న పాడు రోగం."

"నాకేం రోగం?"

"కుళ్లు. పచ్చి కుళ్లు. గోళీలు కూడ దొరకవు దీనికి."

అతను కాదనలేదు. కాదనడానికి వీల్లేని విధంగా మర్నాడే బుచ్చిరాములు సార్ దగ్గరికి పోయి, ఆ వార్డెన్ ఏదో తానే రాస్తానన్నాడు. "పరీక్షల సాఫ్ట్‌వేర్ నాది సార్. దాని లోపల ఇంకోళ్ల సామాను ఎందుకు?"

సార్ నెత్తి గోక్కున్నాడు. ఎవరినీ నొప్పించని పద్ధతి ఒకటి ఆయనకు తెలుసు, అది అందరినీ నొప్పిస్తుంది. "ఇద్దరు రాయుండ్రి. మూడు వారాలు. ఎగ్జామ్ బ్రాంచ్ వాళ్ల ముందట పెట్టి చూపియ్యుండ్రి. ఎవరిది నిలబడితె వాళ్లే సెక్షన్ ఇన్‌చార్జి. కాలేజీల ఫోన్ కూడ వాళ్ల టేబుల్ మీదికే పోతది."

ఇన్‌చార్జి అన్న మాట దేవేందర్ చెవికి సరిగా ఎక్కలేదు. ఫోన్ అన్న మాట ఎక్కింది.

మూడు వారాలు అతను రాసిన రాత ఇంతకుముందు ఎన్నడూ రాయలేదు. హన్నా తన వార్డెన్‌కు వేరే బిల్డింగే కట్టింది. అలాగే కట్టడం సరైన పని. కాని కడితే ఆమెది చూసి కట్టాడంటారు. అందుకని దేవేందర్ పాత వార్డెన్ దగ్గరే గదులు తీసుకుని, తిరిగి ఇచ్చేముందు తానే సున్నం వేసి ఇచ్చే పద్ధతి పెట్టాడు. పని పూర్తయ్యాక వేగం కొలిచి చూస్తే, హన్నాది చేసే పనిని అతనిది సగం సమయంలో చేస్తోంది. ఎలా? అతనికే నమ్మకం కుదరలేదు. మళ్లీ కొలిచాడు. సగమే. ఆ రోజు క్యాంటీన్‌లో పక్క బల్లవాళ్లకు కూడా టీ చెప్పాడు.

ఇక పరీక్ష. లోపల ఒక రహస్యం పెట్టాలి, గది ఖాళీ చేయించాలి, మెమరీ మొత్తం ఫైలుగా తీసి అందులో ఆ రహస్యం ఎక్కడైనా మిగిలిందా అని వెతకాలి. రహస్యంగా ఏ మాటైనా పెట్టవచ్చు. చాలామంది 'టెస్ట్' అనో 'హలో' అనో కొడతారు. దేవేందర్ కడుపులో వేరే మాట ఉంది. కడుపులో మాట ఇంగ్లిషులో ఉండదు. సర్టిఫికెట్ల మీద పేర్లు కొట్టడానికి ఆ మెషీన్‌లో తెలుగు కీబోర్డు ఎలాగూ ఉంది. అతను ఒక్కో అక్షరమే వెతుక్కుని కొట్టాడు: 'హన్నా రాకముందు ఈ రూముల నేనే మొనగాణ్ని.'

కొట్టాక తెర మీద దాన్ని కాసేపు చూసుకున్నాడు. ఎవరితోనూ అనలేని మాటను మెషీన్‌తో అన్నందుకు ఛాతీ తేలికైంది. గది ఖాళీ చేయించాడు. ఫైలు తీశాడు. ఫైల్లోంచి అక్షరాలను ఏరి చూపించే మామూలు పరికరంతో వెతికాడు. ఏమీ లేదు. సున్నం బ్రహ్మాండంగా పడింది. అదే మాట హన్నా వార్డెన్ దగ్గర కూడా పెట్టి చూశాడు, ఎక్కడన్నా చిన్న పెచ్చు మిగిలి ఉంటుందని. మిగల్లేదు. మర్నాడు ఇంకో రకంగా ప్రయత్నించాడు. ఆ మర్నాడు ఇంకో రకంగా. ఆమె రాసిన ప్రతి లైనూ చదివాడు, కొన్ని లైన్లు నోటికి వచ్చేశాయి. తప్పు దొరక్కపోవడం ఒక బాధ, చదువుతూ మధ్యలో ఎక్కడో "అరె, భలే" అనుకోవడం అంతకన్నా పెద్ద బాధ.

గురువారం పొద్దున సెమినార్ హాల్లో అందరూ చేరారు. ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి జ్యోతి మేడం వచ్చింది. ఫలితాలు ఆలస్యమైతే విద్యార్థుల చేత తిట్లు తినేది ఆవిడే కాబట్టి ఆవిడకు కావలసింది వేగం. దేవేందర్‌ది పరుగెత్తడం చూసి ఆవిడ ముఖం విప్పారింది. "ఇదండీ! సెమిస్టర్ రిజల్ట్స్‌కు ఇట్లాంటిది కావాల్సింది."

హన్నా నొసలు ముడిపడింది. "ఇంత ఫాస్టుగా ఎలా వచ్చిందండి, దేవేందర్ గారూ?"

"రాసెటోళ్లు రాస్తె వస్తది మేడం." ఆమెను అతను 'మేడం' అనేది గౌరవంతో కాదని ఆఫీసులో అందరికీ తెలుసు.

"అది కాదండి. సున్నం వేయడానికి కొంత టైం పట్టాలి కదా. మీకు అసలు పట్టినట్టే లేదు."

"చెయ్యి తిరిగినోనికి టైం పట్టది."

సార్ నియమం చెప్పాడు. ఎవరి రహస్యం వాళ్లే పెట్టుకోవాలి, అవతలి మనిషి వెతకాలి. దేవేందర్ ఒక్క క్షణం తటపటాయించాడు. వేరే మాట పెట్టవచ్చు. పెట్టాలి కూడా. కాని ఇన్ని రోజులుగా ఎక్కడా దొరకని మాట అది. హన్నా తన చేతులతో తానే వెతికి, తన కళ్లముందు నుంచే అది జారిపోతుంటే చూడలేక, చివరికి "ఏమీ లేదండి" అని ఒప్పుకోవాలి. ఆ ముచ్చట ముందు తెలివి నిలబడలేదు. అదే మాట కొట్టాడు.

ముందు అతని వంతు. హన్నా గదులు ఫైల్లోకి రావు కాబట్టి నేరుగా మెమరీలోకే వెళ్లి అన్నీ గాలించాడు. సున్నాలు, సున్నాలు, సున్నాలు. చొక్కా వీపుకు అతుక్కుంది. "ఏం దొరకలే సార్" అన్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా.

హన్నా కూచుంది. మామూలు పరికరంతో వెతికింది. ఏమీ రాలేదు. దేవేందర్ కాళ్లు చాపి కూచున్నాడు. జ్యోతి మేడం బ్యాగు సర్దుకుంటోంది.

"ఇంకొక్కటి చూస్తానండి" అంది హన్నా.

సర్టిఫికెట్ల మీద తెలుగు పేర్లు అచ్చయ్యే పని రెండు నెలలుగా ఆమెదే. ఒత్తులు విడిపోయి, గుడులు ఎగిరిపోయి, పేర్లన్నీ ఖాళీ డబ్బాలుగా వస్తుంటే విసిగిపోయి, ఫైల్లో ఎక్కడ తెలుగు ఉన్నా పట్టి చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకుంది. అందరూ వాడే ఆ మామూలు పరికరం ఉంది చూశారూ, దాని లెక్కలో అక్షరం అంటే ఇంగ్లిష్ అక్షరమే. తెలుగు దాని కంటికి చెత్త. చెత్తను చూపించదు. దేవేందర్ ఇన్ని రోజులూ గుడ్డివాణ్ని కాపలా పెట్టి, దొంగ రాలేదని సంబరపడ్డాడు.

హన్నా మీట నొక్కింది. పెద్ద తెర మీద ముందు కాస్త చెత్త, దాని వెనక నల్లగా, ముద్దుగా, ఒత్తులతో సహా తెలుగు:

'రాకముందు ఈ రూముల నేనే మొనగాణ్ని.'

బుచ్చిరాములు సార్ దాన్ని పైకి చదివాడు. పిల్లలకు పద్యం చెప్పినట్టు నిదానంగా చదివాడు. చదివి, "ఎవరు రాకముందయ్యా?" అన్నాడు.

నవ్వులు మొదలయ్యాయి.

"టెస్టింగ్ సార్" అన్నాడు దేవేందర్.

"టెస్టింగే. ఎవరు రాకముందు అంటున్న."

"ముందొక పదం పోయినట్టుంది కదా" అంది జ్యోతి మేడం, కళ్లు చికిలించి.

దేవేందర్ తెర వైపు చూశాడు. నిజమే, పేరు లేదు. ఎక్కడ పోయింది? అతనికి అర్థం కాలేదు. ప్రాణం మాత్రం సగం తిరిగొచ్చింది.

హన్నా కూడా తెర వైపే చూస్తోంది. "గది తిరిగి తీసుకున్నప్పుడు పాత వార్డెన్ గుమ్మం పక్కన తన గుర్తు రాసుకుంటాడు మేడం, తర్వాత ఖాళీ గది ఎక్కడుందో. మనం రాసినదాంట్లో మొదటి ముక్క మీద ఆ గుర్తు పడుతుంది. ఆ కాస్తా చెరిగిపోతుంది."

"ఏం పదమో చెప్పలేమా?"

"పోయింది మేడం. మిగిలింది ఇంతే." ఆమె గొంతులో ఏ తేడా లేదు. "అసలు సంగతి అది కాదు. సున్నం పడలేదు. దేవేందర్ గారు సున్నం వెయ్యమని రాశారు, నేను చూశాను. కంపైలర్ తీసేసింది. మనం రాసింది మెషీన్ భాషలోకి మార్చేది అదే కదా. పిసినారి. 'ఖాళీ చేసి పోయే గదికి సున్నం ఎందుకు, నువ్వు మళ్లీ చూడవు కదా' అని ఆ పని మొత్తం కొట్టేస్తుంది. అందుకే అంత వేగం. తీసెయ్యడానికి వీల్లేకుండా చెప్పే పద్ధతి వేరే ఉందండి."

జ్యోతి మేడం బ్యాగు మళ్లీ బల్ల మీద పెట్టింది. వేగం మీద ఆవిడకున్న మోజు అక్కడితో తీరింది.

"మరి నీ రహస్యం ఏందమ్మా?" సార్ హన్నాను అడిగాడు. "ఆయనకు దొరకలే. ఇప్పుడన్న చెప్పు."

"అంకెలు సార్. మెషీన్‌నే ఇమ్మన్నాను. ఏం ఇచ్చిందో నేనూ చూడలేదు."

అందరికీ అది మామూలు జవాబు. దేవేందర్‌కు మాత్రం చెంపదెబ్బ. తాను మూడు వారాలు ఆమె పేరు జపం చేశాడు. ఆమె మనసులో అతని పేరుకు తగినంత చోటు కూడా లేదు, తిట్టుకోవడానికైనా. అసూయపడేవాడికి ఓడిపోవడం కన్నా పెద్ద అవమానం ఇదే. అవతలివాళ్లు పోటీలో ఉన్నామనే అనుకోకపోవడం.

మధ్యాహ్నానికి ఫోన్ హన్నా బల్ల మీదికి పోయింది. ప్యూన్ తీగ చుట్టుకుంటూ తీసుకుపోతుంటే దేవేందర్ కిటికీలోంచి బయటికి చూశాడు. బయట చూడవలసింది ఏమీ లేదు.

సాయంత్రం అతను క్యాంటీన్ మూల బల్ల దగ్గర కూచుంటే హన్నా టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూచుంది.

"హన్నా" అంది.

"ఏంది?"

"చెరిగిపోయిన ముక్కలో నా పేరు పెట్టి చూశానండి. సరిగ్గా సరిపోయింది, పక్కన ఖాళీతో సహా. వేరే పేర్లూ పెట్టి చూశాను. బుచ్చిరాములు పట్టలేదు."

దేవేందర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "మరి గాడ ఎందుకు చెప్పలే? అందరి ముందు పరువు తీస్తె మంచిగుండేది గద."

"తీస్తే ఏమయ్యేదండి? వారం రోజులు అందరూ నన్నూ మిమ్మల్నీ కలిపి మాట్లాడుకునేవాళ్లు. నా కోడ్ గురించి ఒక్కరూ మాట్లాడేవాళ్లు కాదు. మూడు వారాలు కళ్లు కాయలు కాచేలా రాసింది అందుకా?"

దేవేందర్ ఊపిరి పీల్చుకున్నాడు. దయ కాదు. దయ అయి ఉంటే ఆ బల్ల దగ్గరే చచ్చేవాడు. స్వార్థమే. మనిషి కాస్త దగ్గరగా కనబడింది.

"ఒకటి అడగనా?" అంది ఆమె. "మొనగాణ్ని అన్నది నిజంగా నమ్మే రాశారా, టెస్టింగేనా?"

"నువ్వు రాకముందు నిజమే."

ఆమె నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

"నాకో పని చేసిపెట్టాలండి. నా కోడ్‌ను బుచ్చిరాములు సార్ బాగుందన్నారు. చదవలేదు. మా నాన్న ప్రార్థన చేశారు. ఆయనా చదవలేదు. ప్రతి లైనూ చదివింది మీరొక్కరే. ఎవరేం చేశారో మెషీన్ రాసుకునే లాగ్ చూశాను, ఎన్ని రకాలుగా గోడలు గుద్దారో. దాన్ని పగలగొట్టే పని మీదే అని సార్‌తో చెప్పి రాయించేద్దామా?"

"అంటే నన్ను నీ కింద పెట్టుకుంటవ్."

"ఇన్‌చార్జి నేనే కదండి. కిందే. కాని తప్పు పట్టడమే మీ పని. జీవితాంతం పట్టుకోవచ్చు."

ఇలాంటి చోట మనసు మారిన మనుషుల కథలు చాలా ఉన్నాయి. దేవేందర్ మనసు మారలేదు. తప్పు పట్టడం పని అన్న మాట దగ్గర అతని లోపల ఏదో లేచి కూచుంది, అంతే.

"రాయిపియ్యి" అన్నాడు.

శిరీష విని చాలాసేపు నవ్వింది. "అంటే నీ కుళ్లుకు ఇప్పుడు ఆఫీస్ ఆర్డర్ కూడ ఇచ్చిన్రా?"

"క్వాలిటీ చెకింగ్ అంటరు దాన్ని."

"ఏదో ఒకటి. ఇగ కూర గురించి చెప్పకు, చాలు."

వానాకాలం వచ్చింది. సెమిస్టర్ ఫలితాల రోజులు. ఫోన్ హన్నా బల్ల మీద మోగేది, ఆమె మొదటి మోతకే ఎత్తి "చెప్పండి" అనేది. విలువ తెలియని మనిషి అనుకునేవాడు దేవేందర్, ప్రతిసారీ అనుకునేవాడు. అనుకుని మళ్లీ ఆమె కోడ్‌లోకి తల దూర్చేవాడు. గోడలు, పక్క గదులు, గోడౌను దారి అన్నీ గట్టిగానే ఉన్నాయి. అప్పుడతనికి తన హాస్టల్ రోజులు గుర్తొచ్చాయి. నాన్‌బోర్డర్ ఎప్పుడూ గేటు బద్దలుకొట్టి రాడు. గదిలో ఉన్నవాడే వెంటబెట్టుకుని తీసుకొస్తాడు. అలాగే బయటికి పోయేదీ గోడ బద్దలుకొట్టి పోదు, ఎవడో చేతిలో పట్టుకుపోతాడు. రహస్యాన్ని గదిలోంచి చట్టబద్ధంగా బయటికి తీసుకెళ్లేది ఎవరు?

రెండు రోజులు దాని వెంటే పడ్డాడు. దొరికింది. తాళంచెవిలో ఒక్క అంకె తప్పు పడితే, తప్పేమిటో చెప్పే సందేశం తయారవుతుంది. ఆ సందేశం రాసుకోవడానికి ప్రోగ్రాం తాళంచెవిని మామూలు వార్డెన్ గదిలోకి నకలు చేసుకుంటోంది. అక్కడ సున్నం లేదు, కాపలా లేదు. పేరు రాయించుకోని తాళంచెవి అక్కడ హాయిగా పడుకుని ఉంది. నాన్‌బోర్డర్.

బుచ్చిరాములు సార్ రౌండ్‌కు వచ్చేదాకా ఆగాడు. ఆయన సరైన చోట నిలబడ్డాక గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క నిమిషం, మేడం."

తెర మీద అంకెల వరస మీద వేలు పెట్టాడు. ఈసారి తెలుగు పరికరం, ఇంగ్లిష్ పరికరం, రెండింటితోనూ వెతికి మరీ తెచ్చాడు. "గిది మన తాళంచెవేనా, జర చూడుండ్రి."

హన్నా చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. సార్ ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది, డైరెక్టర్ అన్న సంగతి కూడా మరిచిపోయి. కుర్చీ దగ్గరికి లాక్కుని కోడ్ తెరిచింది. తెచ్చుకున్న డబ్బా మూత తీయకుండానే పక్కకు పోయింది. దేవేందర్ తన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ రోజు ఎండ, ఉక్క, ఫ్యాన్ చప్పుడు అన్నీ బాగున్నాయి. సార్ వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టాడు కూడా.

కాసేపటికి ఆమె రాస్తున్నది మెడ సాచి చూశాడు. సందేశాలకు కూడా భద్రమైన గదే ఇచ్చేలా మొత్తం మార్చేస్తోంది. ఎంత తక్కువ లైన్లలో! తనకైతే ఇంకో పేజీ పట్టేది. "అరె, భలే" అనుకున్నాడు. అనుకున్న వెంటనే పాత మంట పాత చోటే అంటుకుంది.

ఫోన్ మోగింది.

"మీరు ఎత్తండి. నాకు తీరిక లేదు" అంది హన్నా, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

దేవేందర్ లేచి ఆమె బల్ల దగ్గరికి నడిచాడు. తొందరపడలేదు. రెండుసార్లు మోగనిచ్చాడు. మూడోసారికి ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"హా, చెప్పుండ్రి."

"హన్నా మేడం లేరా సార్?" అవతల ఏదో కాలేజీ గుమాస్తా గొంతు. "మా రిజల్ట్ ఆగింది. మేడంకు ఇయ్యుండ్రి ఫోన్."

దేవేందర్ రిసీవర్ మీద పట్టు బిగించి, వంగి కోడ్ రాసుకుంటున్న ఆ తల వైపు చూశాడు.

"ఉన్నది" అన్నాడు. "నేను పట్టిన తప్పు దిద్దుకుంటున్నది. జరసేపు ఆగుండ్రి."